ఇనుపకన్య వారి కచేరి



నేను నేడు ముచ్చటింపబోవు సంగీతమునకు ఇంగ్లీషువారు ‘హెవీ మెటల్’ అని పేరు పెట్టినారు. బరువైన లోహమని దాని యర్థము. మన పిల్లలు బెంగుళూరికో మదరాసుకో ఉద్యోగములకు పోయి, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చెవులలో తీగెలు పెట్టుకొని తల యూపుచుందురు గదా. కొందరి తీగెలలో మ్రోగునది ఇదియే. ‘ఇది పాటా, రోలు దొర్లించిన చప్పుడా?’ అని పెద్దలు విసుగుకొనుటయు నేనెరుగుదును. ఆ సంగీతమును ఒక రాత్రి యెదుట నిలిచి వినినవాడను గనుక, అచ్చట ఏమి జరుగునో చెప్పుటకు నాకు కొంత యధికారము కలదు.

దీని పుట్టుక నిజముగా కార్ఖానాలలోనే. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ లోహపు పనులకు పేరు పొందిన పట్టణము. 1965 ప్రాంతమున టోనీ అయోమీ అను పదునేడేండ్ల కుర్రవాడు అచ్చటి రేకుల కార్ఖానాలో పనిచేయుచు, యంత్రము క్రింద కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొనెను. వానిది ఎడమచేతి వాటమగుటచే గిటారు తంత్రులను నొక్కవలసినది ఆ కుడిచేయియే. అతడు వాద్యము మానలేదు. ప్లాస్టిక్కు సీసా కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. తంత్రులు వదులు చేసి, శ్రుతి దించి వాయింప నేర్చెను. శ్రుతి దిగినకొలది నాదము బరువెక్కెను. అతడును మిత్రులును కలసిన ‘బ్లాక్ సబ్బాత్’ అను మేళము 1970లో వెలువరించిన పాటలే ఈ సంప్రదాయమునకు మొదలని చెప్పుదురు.

నేను విన్నది తరువాతి తరమువారిని. 1975లో లండనులో స్టీవ్ హ్యారిస్ అను నతడు కూర్చిన మేళమది. పేరు ‘ఐరన్ మెయిడెన్’. ఇనుపకన్య యనుట. లోపల మేకులు దిగగొట్టిన స్త్రీయాకారపు పెట్టెలో మనుష్యుని నిలిపి మూసి చిత్రవధ చేసెడివారని యూరపులో ఒక కథ కలదు. అట్టి పెట్టె తరువాతివారి కల్పనయే గాని పూర్వకాలమున వాడినది కాదని చరిత్రకారులు చెప్పుచున్నారు. మేళమునకు మాత్రము ఆ పేరు నిలిచిపోయినది.

2007 మార్చి 17వ తేదీ శనివారము నాడు వీరు బెంగుళూరు ప్యాలెస్ మైదానమున కచేరి చేసిరి. అప్పటికి నేనింకను ఉద్యోగములోనే యుంటిని. వడమాలపేటలో నా యొద్ద తెలుగు చదివిన శిష్యుడొకడు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగము చేయుచుండెను. చదువుకొను నాళ్లలో ఛందస్సు చెప్పు గంట రాగానే కిటికీ యవతలి చింతచెట్టు కొమ్మలు లెక్కపెట్టువాడు. వాని తాత వీధినాటకములలో పేరుపడిన దుర్యోధన వేషధారి. మనుమనికి ఆ సంగతి నలుగురిలో చెప్పుకొనుట ఇష్టముండెడిది కాదు. అట్టివాడు నా యింటికి వచ్చి, “అయివారూ, భయానకము, బీభత్సము అని పాఠము చెప్తావుంటిరే, అవి కండ్లారా చూపిస్తా, నాతో రండి” అని పట్టుపట్టెను. నేను తిరుపతి ప్రాచ్యకళాశాలలో చదివినవాడను. నవరసములను పుస్తకమునకు వెలుపల చూపెదనని శిష్యుడు పిలిచినప్పుడు రానని యెట్లందును? చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బస్సులో పోయితిమి.

మైదానమంతయు నల్లచొక్కాలే. కన్నడము, తమిళము, మలయాళము, తెలుగు అన్నియు వినబడుచుండెను. పంచె కట్టి ఉత్తరీయము వేసికొనినవాడను నేనొక్కడనే కాబోలు. భుజముల మీదికి జుట్టు పెంచిన పిల్లవాడొకడు నన్ను చూచి, జేబులోని దూది తీసి యిచ్చి, చెవులలో పెట్టుకొమ్మని సైగ చేసెను. ఆ దానమునకు నేనిప్పటికిని కృతజ్ఞుడను. మొదట హ్యారిస్ కుమార్తె లారెన్ పాడెను; ఢిల్లీనుండి వచ్చిన ‘పరిక్రమ’ మేళమువారును వాయించిరి. వారిలో ఫిడేలు విద్వాంసుడు కూడ కలడు. అదే రాత్రి వెస్టిండీసు దీవులలో మన క్రికెట్టు జట్టు బంగ్లాదేశమువారి చేతిలో ఓడిపోవుచుండగా, ఈ మైదానమున ఆ దిగులు పడినవారు నాకు కనబడలేదు.

ఇక అసలు మేళము. మొదటి పాటలో నాకు తెలిసినది చప్పుడొక్కటే. అది చెవికి తగులుటకు ముందు రొమ్మునకు తగులును. నాలుగైదు పాటలు గడచునప్పటికి చప్పుడులోనుండి ఆకారములు పైకి తేలినవి. గిటారులు మూడు. అందు రెండు ఒకే వరుసను గాంధారపు ఎడముతో జంటగా పలుకుచుండెను. జంట నాదస్వరములు వినినవారికి ఆ యింపు తెలియును. స్వరములు చాలవరకు మన ఇరువదియవ మేళకర్తయైన నటభైరవివే. మద్దెల వాయించు నికో మెక్‌బ్రెయిన్‌కు అప్పటికి 54 ఏండ్లు. ఈ జాతి మేళములలో పలువురు పెద్దభేరిని రెండు కాళ్లతో తొక్కుదురు. ఇతడు ఒంటికాలితోనే సాధించును. 2024 డిసెంబరులో యాత్రలు మానువరకును ఇతని పద్ధతి యిదియే.

అందొక పాట 1854లో క్రిమియా యుద్ధమున ఆంగ్లేయుల గుర్రపుదండు రష్యనుల ఫిరంగుల కెదురేగి కూలిన కథ. దానిని పాడునప్పుడు గాయకుడు ఎర్రని సైనికపు కోటు తొడిగి ఆంగ్లేయుల జెండా త్రిప్పుట వారి యాచారము. ఆ జెండాకు బెంగుళూరులో ఇంత ఆదరమా యని కష్టపడవలసిన పని లేదు. పాటలో చచ్చువాడు ఆ జెండా మోసినవాడే. నేను చెప్పదలచినది ఆ పాట నడకను గూర్చి. గుర్రపు దౌడు వలె, ఒక దీర్ఘము, రెండు హ్రస్వములు. మరల ఒక దీర్ఘము, రెండు హ్రస్వములు. గురువు, లఘువు, లఘువు. నేను శిష్యుని చేయి పట్టుకొని అరచేతిమీద దానిని తట్టితిని. వాడు మొదట నా మొగము చూచెను. పిదప వేదికను చూచెను. పిదప వాని పెదవులు ‘భ గణము’ అని కదలినవి. మాట వినబడలేదు. పదేండ్ల క్రిందట నల్లబల్ల మీద వ్రాసి వ్రాసి నేను చేయలేని పని ఆ సీమదొర యొంటికాలు చేసినది.

తరువాత ఎడ్డీ వచ్చెను. ఎడ్డీ యనునది ఈ మేళమువారి భూతము. ఎముకల కంటుకొనిన చర్మము, బయటపడిన పండ్లు. 1980లో వెలువడిన మొదటి సంగీతపు పళ్లెరము అట్టమీద డెరెక్ రిగ్స్ అను చిత్రకారుడు వ్రాసిన ఆ రూపమే వేషములు మార్చుకొనుచు నేటివరకు వచ్చుచున్నది. అంతకు పూర్వము లండను సారాయంగళ్లలో పాడు కాలమున, మద్దెలవాని వెనుక ఒక మొగము తగిలించి దాని నోట ఎర్రనీళ్లు చిమ్మించెడివారట. ఆ యేటి యాత్రలో ఎడ్డీది సైనికుని వేషము. లోపలి మనుష్యుడు కొయ్యకాళ్లపై నడచును గావున ఎత్తు దాదాపు రెండు నిలువులు. అది వాద్యగాండ్ర మీదికి వంగి బెదరించుటయు, జానిక్ గెర్స్ అను గిటారువాడు దాని కాళ్ల సందున దూరి పరుగెత్తుటయు వారికి పరిపాటి. వేలకొలది పిల్లలు భయపడవలసిన చోట కేరింతలు కొట్టిరి. మన భారతములో బకాసురుడు తెర వెనుకనుండి కేక వేసినప్పుడు ముందు వరుసలోని పసివాండ్రు ఏడ్చుచునే నవ్వుటను మీరు చూడలేదా?

వీరిది పిశాచారాధన యని కొందరందురు. 1982లో మృగసంఖ్యను గూర్చిన పాట వెలువరించినప్పుడు అమెరికాలో మతాభిమానులు వీరి పళ్లెరములు తగులబెట్టిరి. ఆ పాట క్రైస్తవుల గ్రంథములోని మాటలకును, హ్యారిస్ కన్న పీడకలకును పుట్టినది. భయమును పాడుట భయంకరమైన దానిని కొలుచుట కాదు. భరతముని ఎనిమిది రసములు చెప్పి, వానిలో రౌద్ర, భయానక, బీభత్సములకు చోటిచ్చెను. భవభూతి మహాకవి మాలతీమాధవము ఐదవ యంకమున నాయకుని శ్మశానమునకు పంపి పిశాచములకు మాంసమమ్మించెను. భవభూతిని ఎవరు తగులబెట్టిరి? తిరుపతి గంగజాతరలో బండవేషము వేసినవాడు ఎదుటివానిని నోటికి వచ్చినట్లు తిట్టును. తిట్టించుకొనినవాడు మేలనుకొని పోవును.

నాకు నచ్చనివియు కలవు. సాహిత్యము స్పష్టముగా వినబడదు. వినువారికి ముందే కంఠస్థమగుటచే వారికి లోటు లేదు, క్రొత్తవాని గతి ఏమి? విరామము తక్కువ. గాయకుడు బ్రూస్ డికిన్‌సన్ నాకు ఈడువాడే. అతడు వేదిక ఈ చివరనుండి ఆ చివరకు ఉరుకుచు పాడుచుండ, నాకు నిలుచుటయే కష్టమైనది. (అతడు విమానము నడపుటయు నేర్చినవాడు. మరుసటి యేట ఫిబ్రవరి 1న బొంబాయి కచేరికి మేళమునంతను తానే విమానమున తెచ్చెను.) నా చెవులు రెండు దినములు హోరెత్తినవి. దూది లేకున్న నేమి యగునో యూహింపలేను.

తిరుగు బస్సులో శిష్యుడు వారి పాటలలో మరియొకదానిని గూర్చి చెప్పెను. వేయి సూర్యులను మించిన వెలుగని దాని పేరట. 2006లో వెలువడినది, అణుబాంబు భయమును గూర్చినది. “ఆ వేయి సూర్యులు ఎక్కడివో ఎరుగుదువా?” అని యడిగితిని. ఎరుగడు. గీతలో పదునొకండవ అధ్యాయమని చెప్పితిని. 1945లో అణుబాంబు తొలి పరీక్షను నడపిన ఓపెన్‌హైమర్ అను శాస్త్రజ్ఞుడు ఆ విశ్వరూపమునే తలచుకొనెనని చెప్పితిని. వాడు చాలసేపు పలుకలేదు. పిదప, “తాత కిరీటము ఇంకా అటకమీదనే ఉందా, అయివారూ?” అనెను.

ఉన్నది. అయితే ఆ యేడు దానికి పని యుండునో లేదో తెలియదు. మా ప్రాంతమున, పుత్తూరు, నగరి చుట్టుపట్ల ధర్మరాజుల గుళ్లలో భారతము నడచు తీరు మీరెరిగినదే: పగలు హరికథ, రాత్రులు వీధినాటకము, తపసుమాను, చివర దుర్యోధన వధ, నిప్పులగుండము. మా పొరుగూరిలో పెద్దలు కూర్చుండి, నాటకమునకు జనము రాకున్నారు గనుక ఈసారి రాత్రులు తగ్గించి, రికార్డింగు డ్యాన్సు పెట్టింతమని మాటలాడుకొనుచుండిరి. నేను వారితో, “వేషమును, భేరిని, భూతమును చూచుటకు మన పిల్లలే డబ్బిచ్చి బెంగుళూరులో మూడు గంటలు నిలువుకాళ్లమీద నుందురు, ఇచ్చట కూర్చుండ చాప వేసినను రారేమి? పిలిచినవారెవరు?” అంటిని. వాదము తెగలేదు. నాటకపు రాత్రులు మాత్రము ఆ యేటికి నిలిచినవి.

కడపటి రాత్రికి శిష్యుడు నలుగురు మిత్రులతో వచ్చెను. అందరివి నల్లచొక్కాలు, ఒకని జుట్టు నడుము దాక. ఎవరి తాలూకు వారని ఊరివారు నన్నడిగిరి. ద్రౌపది వేషగానికి సవరము చాలకున్న ఆ పిల్లవానినడుగవచ్చునని చెప్పి తప్పించుకొంటిని. కొయ్య కిరీటము, భుజకీర్తులు ధరించి, అరదాళము పూసికొని ముసలి దుర్యోధనుడు తెర వెనుక గజ్జె ఘల్లుమనిపించి, తెర తీయగానే ఒక్క గంతు వేసినప్పుడు ఆ నలుగురును లేచి నిలువబడి అరచిరి. హార్మోనియమువాడు బెదరి శ్రుతి వదలెను. తెల్లవారి, నేలపై పరుండబెట్టిన మట్టి దుర్యోధనుని తొడను భీముడు గదతో మోదగా, పూడ్చిన కుండ పగిలి ఎర్రనీళ్లు పైకి చిమ్మెను. ద్రౌపది దానితో తల ముడిచెను. లండను సారాయంగడి మొగము సంగతి అప్పుడు ఆ పిల్లలలో ఒకడే యెత్తెను.

వేషము విప్పుచున్న తాత యొద్దకు మనుమడు పోయి, కిరీటము అందుకొని, బెంగుళూరు కథ యంతయు చెప్పెను. ముసలివాడు మొగమునకు నూనె రాచుకొనుచు వినెను.

“ఆ దొరల బొమ్మ ఎంత ఎత్తు?”

“రెండు నిలువులు, తాతా.”

“అంతేనా? మన దుర్యోధనుడు పండుకొని ముప్పై అడుగులుండాడే!”