చిన్న కారు - చీకటి దారి

మోటారు ర్యాలీ యనగానే మన మనసులో మెదలునవి దుమ్మెగయు బాట, గర్జించు ఇంజను, లక్షలు పోసి కొన్న వాహనము. ఈ మూడును అక్కరలేని ర్యాలీ యొకటి బ్రిటనులో కలదు. శనివారము రాత్రి పల్లెలు నిద్రించు వేళ, ఇరువైపుల పొదలు క్రమ్మిన ఇరుకు దారులలో, ఇద్దరు మనుష్యులు, ఒక పాత కారు, ఒక పటము, ఒక గడియారము - ఇంతియే దాని సామగ్రి. ఉద్యోగము చేసికొనుచు, జీతములో మిగిలిన దానితో ముచ్చట తీర్చుకొను సామాన్యుల క్రీడ యిది. మన తెలుగువారును పలువురు ఆ దేశమున స్థిరపడి యున్నారు గనుక, ఈ క్రీడకు ఎట్టి కారు తగును, దానిని తక్కువ ఖర్చుతో ఎట్లు సిద్ధపరచవలెను అను విషయమును ముచ్చటింతము.

ముందుగా ఆట స్వరూపమును తెలిసికొందము. బ్రిటనులో రహదారిపై పరుగు పందెము చట్టరీత్యా నేరము. కావున ఈ ర్యాలీ వేగమునకు పరీక్ష కాదు. దారి తప్పకుండుటకు, వేళ తప్పకుండుటకు పరీక్ష. నిర్వాహకులు సంకేతములు వ్రాసిన కాగితమును చేతికిత్తురు. దానిని బట్టి ఆర్డినెన్సు సర్వే వారి పటముపై మార్గమును గుర్తించి, చెప్పిన చోటికి చెప్పిన నిమిషమునకు చేరవలెను. ఆ పటము 50,000కు 1 వంతు కొలతది. అందు 2 సెంటీమీటర్లు నేలపై 1 కిలోమీటరు. గ్రేటు బ్రిటను అంతయు ఇట్టి 204 పటములలో ఇమిడినది. విధించు సగటు వేగము గంటకు 30 మైళ్లకు మించరాదు. 1969 నాటి నిబంధనల ప్రకారము ఇంగ్లాండు, వేల్సులలో 12 కార్లకు మించని చిన్న పోటీలకు, కొన్ని షరతులకు లోబడి, ముందస్తు అనుమతి అక్కరలేదు. క్రొత్తవారికి ఇవియే బడులు.

ఇపుడొక చిన్న లెక్క వేయుదము. గంటకు 30 మైళ్లనగా నిమిషమునకు అర మైలు. ఒక మలుపు పొరబడి అర మైలు ముందుకు పోయి, అర మైలు వెనుకకు వచ్చితిమా, రెండు నిమిషములు పోయినవి. ఆ యిరుకులో కారును త్రిప్పుకొనుటకు పట్టు కాలము దీనికి అదనము. మలుపు మలుపునకు బ్రేకు నొక్కవలసిన దారిలో, ఎంత బలమైన ఇంజనైనను ఆ నిమిషములను తిరిగి సంపాదింపజాలదు. కావున ఇంజను బలము మీద పోసిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

పెద్ద పోటీల చరిత్రయు కొంతవరకు ఈ మాటనే చెప్పుచున్నది. 1959లో సామాన్య కుటుంబముల కొరకు వెలువడిన మినీ కారు, 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటీ కార్లో ర్యాలీని గెలిచెను. 1968 నవంబరు 24న లండనులో బయలుదేరి, మన ఢిల్లీ మీదుగా బొంబాయి చేరి, అటనుండి ఓడపై ఆస్ట్రేలియాకు సాగి, డిసెంబరు 17న సిడ్నీలో ముగిసిన మహాప్రయాణము చాలమందికి జ్ఞాపకముండును. అందు గెలుపొందినది హిల్‌మన్ హంటర్ అను సాదాసీదా ఇంటి కారు. కడపటి దినమున ముందంజలో నున్న సిట్రోయెన్ కారు మరియొక వాహనమును ఢీకొని ఆగిపోగా, నిలకడగా వచ్చుచున్న హంటరును విజయము వరించెను. తుదిదాక నిలుచుటయే ర్యాలీలో మొదటి గుణము.

ఇక కారును ఎన్నుకొనుట. 1972 నుండి 1979 వరకు వరుసగా ఎనిమిదేండ్లు ఆర్.ఎ.సి. ర్యాలీని గెలిచిన ఫోర్డు ఎస్కార్టు మీద మనసు పోవుట సహజమే. కాని ఆ పాత ఎస్కార్టులు నేడు సేకరణకారుల సొత్తు. వాటి వెల సామాన్యునకు అందదు. తేలికైన, పొట్టిదైన, విడిభాగములు సులభముగా దొరకు చిన్న కారు చాలును. 1993లో ఐరోపాలో ఆ యేటి మేటి కారుగా ఎన్నికైన నిస్సాన్ మైక్రా, ప్యూజో 106 వంటివి ఈ కోవకు చెందినవి. ఒక లీటరు మొదలు ఒకటింపాతిక లీటరు వరకుగల ఇంజను ఈ పనికి చాలును.

పేరు కన్న ఒళ్లు ముఖ్యము. బ్రిటనులో చలికాలమున మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు కారు అడుగును తినివేయును. కావున రంగును చూచి మురియక, మోకాళ్లపై కూర్చుండి టార్చిలైటుతో అడుగుభాగమును పరీక్షింపవలెను. తలుపుల క్రింద పొడవునా ఉండు ఉక్కు దూలములు, నేల రేకు, స్ప్రింగుల పైకొస బిగించు చోట్లు, వెనుక ఇరుసును పట్టియుంచు స్థలములు గట్టిగా నున్నవా? పాడైన ఇంజనును మార్చవచ్చును. తుప్పు పట్టిన ఒంటిని బాగుచేయించుట కారు వెలను మించిపోవును. ఆ దేశమున మూడేండ్లు దాటిన కారునకు ఏటేట ప్రభుత్వ పరీక్ష కలదు. కారు నంబరును బట్టి ఆ పరీక్షల ఫలితములను, అప్పటికి తిరిగిన మైళ్లను ఎవ్వరైనను ఉచితముగా చూచుకొనవచ్చును. ఏటేట తుప్పును గూర్చిన హెచ్చరిక కనిపించు కారును వదలివేయుట మేలు. చేతనున్న సొమ్ములో సగమునకు మించి కొనుగోలునకు వెచ్చింపక, తక్కిన సగమును సన్నాహమునకు దాచుకొనవలెను.

సన్నాహమున మొదటి స్థానము బ్రేకులది. బ్రేకు గొట్టములలోని ద్రవము కాలక్రమమున గాలిలోని తేమను పీల్చుకొనును. పదే పదే బ్రేకు వేసినపుడు పుట్టు వేడికి ఆ తేమ ఆవిరియై బుడగలు కట్టును. అపుడు పెడలు కాలి క్రింద మెత్తగా దిగిపోవును; కారు ఆగదు. కొన్న దినముననే ద్రవమును మార్చి, అరిగిన ప్యాడ్లను తీసి క్రొత్తవి వేయించుటకు అగు ఖర్చు స్వల్పము. అది కాపాడునది రెండు ప్రాణములను.

రెండవది టైర్లు. బురదపై వెడల్పైన టైరు కన్న సన్నని టైరు లోతుగా దిగి పట్టు సాధించును. నాలుగును ఒకే రకమువై, గాళ్లు లోతుగా నుండవలెను. మూడవది స్ప్రింగులు, షాకబ్జార్బర్లు. కారును నేలకు దించు ఫ్యాషను ఇచట పనికిరాదు. పల్లెదారుల నడుమ గడ్డి మొలచి గట్టు కట్టియుండును. క్రుంగిన కారు కడుపు దానిపై ఒరయును. ఇంజను అడుగున నుండు నూనె తొట్టికి ఒక్క రాయి తగిలి చిల్లు పడినచో నూనె కారిపోయి ఇంజను బిగిసిపోవును. కావున దానిక్రింద గట్టి లోహపు పలక నొకదానిని బిగింపవలెను. వాగులు దాటునపుడు మరియొక అపాయము కలదు. ఇంజను గాలి పీల్చు గొట్టము క్రిందుగా నున్నచో నీటిని పీల్చును. గాలివలె నీరు నొక్కుడు పడదు. లోపలి కడ్డీలు వంగి ఇంజను ఆ క్షణముననే ముగియును. గొట్టపు మూతిని ముందుగానే చూచుకొని, వాగును మెల్లగా దాటవలెను.

నాలుగవది దీపములు. పాత తీగెలలో విద్యుత్తు బలము తగ్గి దీపము పచ్చబడును. అదనముగా 55 వాట్ల దీపములు రెండు పెట్టినచో 12 వోల్టుల బ్యాటరీపై సుమారు 9 ఆంపియర్ల భారము పడును. పాత స్విచ్చి ఆ భారమును మోయలేదు. వేరు తీగె, ఫ్యూజు, రిలే అమర్చవలెను. ఎంత వెలుగున్నను ఒక సూత్రము మరువరాదు. ఒక్క కారు పట్టు దారిలో, కనిపించు దూరములో సగములోపల ఆగగలిగిన వేగముననే పోవలెను. ఎదుటివానికిని ఆగుటకు తక్కిన సగము కావలెను గదా!

అయిదవది ప్రక్క సీటు. గెలుపోటములు అక్కడనే నిర్ణయమగును. సారథి కన్నులలో పడక పటముపై మాత్రమే పడు చిన్న దీపము, పటమును పెద్దదిగా చూపు భూతద్దము, సరిచూచిన మైళ్ల మీటరు, కదలని గడియారము, కాళ్లు ఆనించుటకొక మెట్టు - ఇవి యన్నియు కలిపినను ఒక మంచి టైరుల జతను మించి ఖర్చు కాదు. కదలు కారులో పటము చదువు వారికి కడుపు త్రిప్పుట సహజము. కొంత అభ్యాసము, తేలిక భోజనము దానికి మందు.

బీమా విషయమును ఏమరరాదు. సాధారణ పాలసీలు పోటీలకు వర్తింపకపోవుట పరిపాటి. బీమా వారికి ముందుగా తెలిపి, ఆ రాత్రికి తగిన రక్షణ పొందనిదే ఇల్లు కదలరాదు.

కడపట ఒక మాట. నిర్వాహకులు ర్యాలీకి ముందే దారి వెంబడి ఇండ్లవారిని కలిసి, ఫలానా రాత్రి కార్లు పోవునని చెప్పి వత్తురు. అభ్యంతరమున్న తావులను పటముపై నిషిద్ధముగా గుర్తింతురు. కార్ల శబ్దమును బయలుదేరుటకు ముందు పరీక్షింతురు. వేల్సులో 2023 సెప్టెంబరు నుండి వీధిదీపములున్న ఊరి దారులలో చాలవరకు గంటకు 20 మైళ్ల పరిమితి అమలులోనికి వచ్చెను. మ్రోయు గొట్టము తగిలించి ఒక్కడు పసిబిడ్డను లేపినను, పశువులను బెదరించినను, మరుసటి యేడు ఆ దారి అందరికిని మూతపడును. ఈ క్రీడకు మైదానము లేదు. పల్లెవారి ఓర్పే దాని మైదానము. కావున కారును సిద్ధపరచువాడు అన్నిటికన్న ముందు మంచి సైలెన్సరును బిగింపవలెను. ఆగగల కారు, దారి తెలిసిన తోడు, నిద్రించు ఊరిపై గౌరవము - ఈ మూడును గలవానికి చిన్న కారే చాలును.