పరదేశమున తోడు



రామలక్ష్మణులు పంపాసరస్సు దాటి ఋశ్యమూక ప్రాంతమునకు చేరినప్పుడు, వారికది అన్ని విధముల పరదేశము. అయోధ్య ఎక్కడో ఉత్తరమున మిగిలిపోయినది. కబంధుడు చెప్పిన గురుతులు తప్ప చేతిలో మరొక ఆధారము లేదు. అట్టి సమయమున హనుమంతుడు భిక్షురూపమున ఎదురు వచ్చి మాట కలిపినాడు. శ్రీరాముడు శ్రద్ధగా విన్నాడు. ఇంతసేపు మాట్లాడినను ఇతని నోట ఒక్క అపశబ్దము రాలేదు సుమా అని లక్ష్మణునితో మెచ్చుకొన్నాడు. ఆ పిమ్మట, ఇతనితో నీవు మాట్లాడుము అన్నాడు.

కథ వినుచు వినుచు మనము ఈ చిన్న సంగతిని దాటిపోవుదుము. క్రొత్తచోట ముందుగా నోరు విప్పినది తోడుగా వచ్చినవాడు! లక్ష్మణుడు ఏమి చెప్పినాడు? మా అన్న చక్రవర్తి కుమారుడని చెప్పి ఊరకుండలేదు. రాజ్యము పోయినదనీ, భార్యను ఎవడో అపహరించినాడనీ, వాడెవడో తెలియదనీ, సుగ్రీవుని శరణు కోరి వచ్చితిమనీ ఉన్నదున్నట్లు చెప్పినాడు. అన్నగారి గౌరవమునకు కొరత యని దాచియుండవచ్చును గదా? దాచినచో ఆ స్నేహము కుదిరియుండునా?

ఈ ఘట్టమును మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో చెప్పుటకు ప్రత్యేక కారణమున్నది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మలు ప్రాంతముల నుండి 1970ల తరువాత ఎన్ని వేలమంది గల్ఫు దేశములకు పోయినారో మీకు నేను చెప్పనక్కరలేదు. కొండగట్టు అంజన్నకు మ్రొక్కి విమానమెక్కినవారు మీ ఇండ్లలోనే ఉన్నారు. ఒంటరిగా పోవువారు తక్కువ. మేనబావయో, వాడకట్టు మిత్రుడో వెంట ఉండును. తరచుగా ఆ తోడువాడు అంతకుముందు ఒకసారి పోయి వచ్చినవాడు. క్రొత్తవానికి చెవులు, నోరు అతడే.

అక్కడి లిపి కుడి నుండి ఎడమకు నడచును. మనవానికి కాగితమునకు మొదలేదో కొస ఏదో తెలియదు. అయితే మనము పూర్తిగా వట్టి చేతులతో పోవుట లేదు. నిజాము కాలమున, 1948 వరకు, ఇక్కడి కచేరీల భాష ఉర్దూ. తారీఖు, జవాబు, వకీలు, హాజరు అని మన తాతలు అన్న మాటలన్నియు అరబ్బీ నుండి వచ్చినవే. పలుకుబడి కొంచెము మారినను, ఆ ఎడారిలో అవి చెవిని పడినప్పుడు పాతచుట్టము కనిపించినట్లుండును. మిగిలిన పని అక్కడి హిందీ నడిపించును. 2019లో అబూదాబీ న్యాయశాఖ కార్మిక వ్యాజ్యములలో అరబ్బీ, ఆంగ్లముల సరసన హిందీకి కూడ చోటిచ్చినది. ఫిర్యాదు వ్రాసుకొనుటకు అది గొప్ప ఊరట. కాని మన పల్లెల యువకులలో హిందీ మాట్లాడగలవారందరు దానిని చదువలేరు. మరల తోడువాడే దిక్కు!

భాషాంతరీకరణము ఎంత బరువైన బాధ్యతయో తెలిసిన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసినవారు. ఒకరి నోటిమాట మరొకరి చెవిలో మారక పడవలెను. అదే ఆయన వృత్తి. ఆయన 1830 మే నెలలో పెద్ద పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, హైదరాబాదు మీదుగా మన నిర్మలు, ఆదిలాబాదు దారినే నాగపూరు చేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినారు. ఆదిలాబాదు దాటిన పిమ్మట తెలుగు సన్నగిల్లి మరాఠీ వినవచ్చును. దారి పొడవునా చూచినదంతయు స్నేహితుడైన శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపినారు. ఇంటివద్ద నున్నవానికి కూడ సంగతి సరిగా తెలియవలెనని ఆయన తపన.

ఇక సుందరకాండకు వత్తము. శింశుపావృక్షముపై దాగి హనుమంతుడు ఏ భాషలో మాట్లాడవలెనా అని ఆలోచించినాడు. పండితుని వలె సంస్కృతము పలికితే, రావణుడే మరల వచ్చెనని తల్లి భయపడును. కనుక ఆమెకు అర్థమగునట్టి మానవభాషలో పలుకుదునని నిశ్చయించినాడు. ఇంత వ్యాకరణము చదివినవాడు తన పాండిత్యమును పక్కన పెట్టి, ఎదుటి వ్యక్తి భయమును లెక్కించినాడు. గల్ఫులో నాలుగు ముక్కలు నేర్చి, క్రొత్తవానిని అందరి యెదుట వెక్కిరించు మన పిల్లలకు ఈ శ్లోకములు చదివి వినిపింపుడు.

నా మనవి యొకటే. ఉద్యోగపు కాగితము మీద వ్రేలిముద్ర వేయునప్పుడు పక్కవాడు “అంతా మంచిగనే ఉన్నది, సంతకం పెట్టు” అనునే, ఆ మాట అనరాదు. చదివినంత చెప్పవలెను, చదువరానిచోట “నాకిది తెలియదు, మరొకరిని అడుగుదము” అనవలెను. జీతమెంత, పని ఏది, ఎన్ని గంటలు, తిరుగు టిక్కెట్టు ఎవరిది, ఈ నాలుగును తేలనిదే కలము పట్టనీయరాదు. లక్ష్మణుడు దాచనిది మనమెందుకు దాచవలెను? పోవువాడును ఊరకుండరాదు. అక్కడ తొలిగా నేర్వవలసిన మాట నమస్కారము కాదు. “మా అఫ్హమ్”, అనగా నాకు అర్థము కాలేదు అని. తోడువాడు వేరే పనిచోటికి బదిలీ అయిననాడు, ఆ ఒక్క మాటయే వానిని కాపాడును. జ్వరము వచ్చినప్పుడు, నొప్పి ఎక్కడో చెప్పుటకు మరి నాలుగు మాటలు చాలును. అవి విమానమెక్కకముందే, ఇక్కడ, తల్లి ఎదుట కూర్చుండి వల్లించుకొనవచ్చును.

ఇంటివద్ద నున్న అమ్మలు ఫోనులో “మంచిగున్నవా బిడ్డా” అని మాత్రమే అడుగుచున్నారు. వాడు మంచిగనే ఉన్న అనును. మీరు ఇంకొక ప్రశ్న వేయుడు: “నీతో వచ్చినవాడు ఎట్లున్నడు?” అని. అప్పుడు రెండిండ్ల సంగతి తెలియును.

హనుమంతుడు మాటతో సీతమ్మ భయమును పోగొట్టిన పిమ్మటనే ఉంగరమును ఇచ్చినాడు. ఆ అంగుళీయక ప్రదాన ఘట్టమును రేపటి సాయంకాలము చెప్పుకొందము.