మనకు పేరు పెట్టినవాడు
(ఆసుపత్రి ఉదయకాల ప్రార్థనలో రోగులకు, వారి బంధువులకు ఇచ్చిన ప్రసంగం)



డ్యూటీ మారేటప్పుడు మేము నర్సులం "పన్నెండుకి షుగర్ చూడాలి, పదిహేనుకి కట్టు మార్చాలి" అని మంచాల నంబర్లతో చెప్పుకుంటాం. పని తొందర అలాంటిది. ఒక రోజు పదిహేనో మంచం మీది అమ్మ "సిస్టర్, నాకు పేరు లేదా?" అని అడిగింది. నాకు సిగ్గేసింది.

ఆమె గంజి వారుస్తూ చెయ్యి కాల్చుకుని చేరింది. కాలినట్టు ఆమెకు తెలియనే లేదు. చూస్తే కుష్ఠువ్యాధి. మోచేతి దగ్గర స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే రెండేళ్లు చీర చెంగు కింద దాచింది. బాప్తిస్మం పొందిన మనిషే, ఆదివారం ఆరాధన మానని మనిషే. కాని సంఘంలో తెలిస్తే ప్రభురాత్రి భోజనానికి తన పక్కన ఎవరూ నిలబడరని భయం. ఆమెను నేను తప్పుపట్టలేను. మన క్రైస్తవుల విడాకుల చట్టంలో కూడా 2019 వరకు కుష్ఠువ్యాధి విడాకులకు ఒక కారణంగా ఉండేది.

ఈ వ్యాధికి మందు ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడాలి. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటదు. అయినా ఆమె వచ్చేసరికి రెండు వేళ్లు వంగిపోయాయి. తానెవరో ఇరుగుపొరుగు నోటి మీద ఆధారపడి ఉందనుకోవడం వల్ల కలిగిన నష్టం అది.

నేను మాత్రం ఏమంత గట్టిదాన్ని? కొన్నేళ్ల క్రితం నడుము డిస్కు జారి, నన్ను వార్డు నుండి తీసి స్టోరు గదిలో కూర్చోబెట్టారు. దూది, సిరంజీలు లెక్కపెట్టే పని. రోగులు సిస్టర్ అని పిలవకపోతే ఇక నేనెవరిని అని ఏడ్చాను. ప్రార్థన చేశానంటే చేశాను, అది చాలా వారాలు ఫిర్యాదే.

అప్పుడు లూకా సువార్త 10వ అధ్యాయం చదివాను. ప్రభువు పంపిన డెబ్బదిమంది పని బాగా జరిగిందని సంతోషంతో తిరిగివచ్చారు. ఆయన వాళ్ల సంతోషాన్ని పని మీద నుండి తప్పించి, పరలోకంలో వ్రాయబడిన వాళ్ల పేర్ల మీదకు మళ్లించాడు. ఎన్నోసార్లు చదివిన భాగమే. దూది కట్టల మధ్య కూర్చుంటే గాని అర్థం కాలేదు. నా పేరు ఆసుపత్రి రిజిస్టరులో నుండి ఒకనాడు ఎలాగూ కొట్టివేస్తారు. అక్కడి పేరు నా నడుము మీద ఆధారపడి లేదు.

వెల్లూరు డాక్టర్ మేరీ వర్గీస్ గారి సంగతి మీలో కొందరు వినే ఉంటారు. 1954లో వాహన ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని ఆమె కాళ్లు చచ్చుపడ్డాయి. తరువాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. మనం ఈ కథ పద్మశ్రీ కోసం చెప్పుకుంటాం. నాకైతే ఆమె ఏ పనీ చేయలేక మంచం మీద పడివున్న నెలలే గుర్తొస్తాయి. ఆ నెలల్లో కూడా ఆమె దేవుని కుమార్తె కాకుండా పోలేదు.

అలాగని "దేవుని బిడ్డను, నాకు మాత్రలెందుకు" అనేవారి మాట వినకండి. తండ్రి ఇంట్లో భద్రంగా ఉన్న బిడ్డ గాయాన్ని దాచదు, తెచ్చి చూపిస్తుంది.

పదిహేనో మంచం అమ్మ మందు మొదలుపెట్టింది. చేతికి రోజూ నూనె రాసి వ్యాయామం చేస్తోంది, పొయ్యి దగ్గర గుడ్డ పట్టుకుంటోంది. ఆమెను ఇప్పుడు పేరుతోనే పిలుస్తున్నాం.

ప్రార్థన అయ్యాక నేను ఓ.పి. గది దగ్గర ఉంటాను. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉన్నవారు రండి, ఊరికే మాట్లాడాలనుకున్నవారూ రండి. తెర వేసే చూస్తాం.