రైలు దిగినాక ఎవరున్నారు?

(హైదరాబాద్‌లో బస్తీ తల్లిదండ్రులు, కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం చిన్నదిగా కనబడుతుంది. పిల్లల్ని ఒంటరిగా లోకల్ రైలులో బడికి పంపొచ్చా? కార్లున్నోళ్ల ఇండ్లల్లో జవాబు సులువు. డ్రైవరు దించి వస్తాడు. మన ఇండ్లల్లో తల్లి తెల్లారకముందే చీపురు పట్టుకొని రోడ్డెక్కుతుంది. తండ్రి అడ్డా మీద కూలికి నిలబడతాడు. మన బిడ్డ ఒంటరిగా పోవాలె, లేకుంటే బడి మానాలె. అందుకే "పంపొచ్చా" అని కాదు, "ఎట్ల పంపితే క్షేమం" అని అడగాలె.

మా బడిలో ఎనిమిది చదివే ఒక పిల్ల తల్లి నా దగ్గరికొచ్చింది. "సారూ, రేపటి సంది బిడ్డను పంప. ఒక్కతే బండెక్కి పోతుంటే నాకు భయమైతుంది. ఇంట్ల వంట చేసుకుంటది" అన్నది. "అక్కా, ఒక్క వారం ఆగు. నేను వెంట పోయి చూస్త" అన్నాను.

మూడు రోజులు ఆ పిల్లతో ఎం.ఎం.టి.ఎస్. ఎక్కిన. 2003 నుంచి ఈ పట్నంలో తిరుగుతున్న బండ్లు అవి. ఆమె ఆడవాళ్ల పెట్టెలో, నేను పక్క పెట్టెలో. అక్కడ పూలమ్మే అవ్వలు, ఇండ్లల్ల పనికి పోయే అక్కలు. "ఈడ కూసో బిడ్డా" అని జాగా ఇచ్చేవాళ్లు. బండిలో ఉన్నంతసేపు ఆ పిల్లకు మనిషి భయం లేదు. ఆపద రెండు చివర్ల ఉంది. ఒక చివర పట్టాలు. స్టేషన్‌కూ బస్తీకీ నడుమ అవే అడ్డం. వంతెన చాలా దూరం. బస్తీ అంతా పట్టాల మీదనే దాటుతుంది. రెండో చివర బడి పక్క సందు. సాయంత్రం బడి విడిచే వేళకు అక్కడ వైన్ షాపు ముందర తాగినోళ్లు నిలబడతరు.

మూడో రోజు ఆ పిల్ల నోరు విప్పింది. ఆ సందులో ఒకడు నెల రోజులుగా వెంటపడుతున్నాడు. "మరి అమ్మకు చెప్పలేదేం బిడ్డా?" అంటే, "చెప్తే బడి మానిపిస్తది సార్" అన్నది. ఈ ఒక్క మాట మీరు ఇంటికి పట్టుకపోవాలె. మనం బడి మానిపిస్తమని భయపడితే బిడ్డ ఆపదను దాచిపెడుతుంది. దాచిన ఆపద పెరుగుతుంది.

ఈ సంగతి బాబాసాహెబ్‌కు తొమ్మిదేండ్ల వయసులోనే ఎదురైంది. 1901లో సతారా నుంచి ఇంటి పిల్లలంతా కలిసి, పెద్దలు తోడు లేకుండా, తండ్రి పనిచేసే ఊరికి రైల్లో బయల్దేరారు. రైలు వాళ్లను మసూర్ స్టేషన్‌లో క్షేమంగానే దించింది. ఉత్తరం తండ్రికి అందలేదు, ఎవరూ ఎదురు రాలేదు. మంచి బట్టలేసుకున్న పిల్లలని ఆదరంగా పలకరించిన స్టేషన్ మాస్టరు, మహర్లని తెలియగానే వెనక్కి జరిగాడు. బండి కట్టేవాడు దొరకలేదు. చివరికి రెండింతల కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. అదీ పిల్లలే బండి తోలుకుంటే తాను పక్కన నడుస్తానని. దారిలో తాగ నీళ్లు కూడా దొరకలేదు. ఇదంతా ఆయనే "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో రాశారు. రైలు తన పని తాను చేసింది. సంఘం చెయ్యలేదు. నేడు స్టేషన్‌లో కులం అడగకపోవచ్చు. ఫిర్యాదు ఇయ్యబోతే "ఏ బస్తీ?" అని అడుగుతరు. అర్థం ఒకటే.

రైలులో ప్రమాదమే లేదని నేను చెప్పను. మన లోకల్ బండ్ల తలుపులు తెరిచే ఉంటాయి. 2014 జనవరిలో ముంబై ఘాట్‌కోపర్ స్టేషన్‌లో పదహారేండ్ల విద్యార్థిని బండికీ ప్లాట్‌ఫారానికీ నడుమ జారి రెండు చేతులు పోగొట్టుకుంది. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర కిక్కిరిసిన బండ్ల తలుపుల్లో వేలాడుతున్నవాళ్లు కిందపడి చనిపోయారు. మెట్రో తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, కాని ఆ చార్జీ రోజూ పెట్టే స్తోమత మనకెక్కడిది?

మేము చేసిన పని చెప్తాను. ఆ దారిన వచ్చే ఐదుగురు పిల్లల్ని జట్టు కట్టినం. పదో తరగతి పిల్ల జట్టుకు పెద్ద. ఒకరు రాకుంటే మిగతావాళ్లు ఇంటికి పోయి అడగాలె. కదిలే బండి ఎక్కొద్దు, తలుపు దగ్గర నిలబడొద్దు, ఖాళీ పెట్టె ఎక్కొద్దు, ఆలస్యమైనా పట్టాలు దాటొద్దు. బడికి ఆలస్యమైతే నేను తిట్టను. రైల్వే సాయానికి 139, పిల్లల సాయానికి 1098 కంఠతా పట్టించినం. సాయంత్రం ఆ సందులో వంతులవారీగా ఇద్దరు తల్లులు, ఒక కార్యకర్త నిలబడ్డరు. వారం తిరగకముందే వాడు కనబడకుండా పోయిండు.

ఇంకో మాట. ఇంటి నుంచి బడికి పోయేందుకు ఆడపిల్లలకు డిగ్రీ దాకా, మగపిల్లలకు పన్నెండో తరగతి దాకా రైల్వే ఉచితంగా నెలవారీ సీజన్ టికెట్ ఇస్తుంది. మనోళ్లకు చాలామందికి తెలియదు. బడి నుంచి సర్టిఫికెట్టు రాయించుకొని స్టేషన్‌లో అడగండి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్టు లేదు. బస్సు ఉన్న దారికి అదీ వాడుకోండి.

అయితే కాపలా మన పనే అని సర్కారును వదిలిపెట్టొద్దు. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా దగ్గరలో బడి ఉండాలంటుంది. దగ్గర హైస్కూలుంటే మన పిల్ల రైలెందుకు ఎక్కుతుంది? బస్తీ దగ్గర వంతెన, స్టేషన్‌లో లైట్లు, బడిదారి నుంచి వైన్ షాపు తొలగింపు, బడి వేళకు సరిపోయే బండ్లు. ఈ నాలుగూ రాసి దరఖాస్తు ఇచ్చినం. వంతెన ఇంకా రాలేదు. మళ్లీ ఇస్తం. ఊర్ల నుంచి వచ్చిన అన్నలారా, మీ పిల్లలు పట్నంలో చదువుతుంటే ఏ స్టేషన్‌లో దిగుతున్నరో మాకు చెప్పండి. అక్కడ మనోళ్లు ఎవరో ఒకరు ఉండేటట్టు చూద్దాం.

ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. రోజూ అదే బండిలో వస్తోంది, ఒంటరిగా కాదు.

జై భీమ్.