స్పీడు నాబ్ కొనే ముందు మోటారు ప్లేటు చదవండి



మనవాళ్లు చాలామంది ఇక్కడ జాయినరీ షాపుల్లో పని చేస్తున్నారు. కొందరు గ్యారేజీలో సొంతంగా పాత లేత్ మిషన్ కూడా పెట్టుకుంటున్నారు. వాళ్లు నన్నడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, దీనికి స్పీడు కంట్రోల్ పెట్టొచ్చా?"

ముందు మోటారు మీదున్న ప్లేటు చదవండి. సింగిల్ ఫేజ్ అని ఉండి, పక్కన కెపాసిటర్ ఉంటే దాని జోలికి పోకండి. ఆ మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. ఇక్కడైనా మన ఊళ్లోనైనా 50 హెర్ట్జే. నాలుగు పోల్స్ మోటారు నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరుగుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది తగిలిస్తే బలం పోతుంది. వేగం బాగా పడితే లోపలి స్విచ్ మళ్లీ కలుసుకుని స్టార్టింగ్ వైండింగ్ కాలిపోతుంది. ఊళ్లో నేనూ ఒకటి అలాగే కాల్చాను.

త్రీ ఫేజ్ మోటారైతే వీఎఫ్‌డీ పెట్టొచ్చు. ఇంట్లోని 230 వోల్టుల సింగిల్ ఫేజ్‌నే తీసుకుని అది త్రీ ఫేజ్ ఇస్తుంది, ఫ్రీక్వెన్సీ కూడా మారుస్తుంది. ప్లేటు మీద 230/400 అని ఉంటే డెల్టాలో కలపాలి. 400/690 అని ఉంటే ఇంటి కరెంటుతో పూర్తి బలం రాదు, కొనకండి. మరీ నెమ్మదిగా తిప్పితే మోటారు ఫ్యానూ నెమ్మదించి వేడెక్కుతుంది. అందుకే బెల్టు పుల్లీలు తీసేయొద్దు. రంపపు పొట్టు లోపలికి పోకుండా మూసి ఉన్న మోటారే తీసుకోండి.

స్పీడు కంట్రోల్ అసలు అవసరం లేత్‌కే. టేబుల్ సా, ప్లేనర్‌లకు అక్కర్లేదు. లేత్ మీద ఒక లెక్క గుర్తుంచుకోండి: చెక్క వ్యాసం అంగుళాల్లో, వేగంతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. పది అంగుళాల గిన్నెకు 600 నుంచి 900. వంకర చెక్కయితే ఇంకా తక్కువలో మొదలుపెట్టండి.

చివరగా ముఖ్యమైన మాట. వీఎఫ్‌డీ ఆపేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది. మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగందే మూత తీయకండి. వైరింగ్ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. కరెంటు పోయి వస్తే మిషన్ తనంతట తాను తిరగకుండా చూసుకోండి.

షాపులో ఎవరైనా "త్వరగా మూత తీసి చూడు" అంటే వద్దని చెప్పండి. తీవ్రమైన ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మితే ఆ పని ఆపే హక్కు 2015 ఆరోగ్య భద్రతా చట్టం కార్మికుడికి ఇచ్చింది. మీ వీసా ఏదైనా సరే. నాబ్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఇంటికి డబ్బు పంపేది ఈ చేతులే, అవి జాగ్రత్త.