కాన్హా అడవికి రెండు ప్రయాణాలు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్‌తో చదువు ఆపేసి సిగ్నల్స్‌లో చేరినవాణ్ణి. పెద్ద పెద్ద విషయాలు నాకు రావు. రిటైరయ్యాక నాకు ఒక పిచ్చి పట్టుకుంది. అడవులకు వెళ్ళి జంతువుల్ని చూడటం, ఫొటోలు తీయడం. "సాబ్, మేమూ వెళ్దామనుకుంటున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?" అని మీలో చాలామంది అడిగారు. అందుకని ఈరోజు అదే చెప్తాను. నేను చేసిన తప్పు కూడా దాచకుండా చెప్తాను.

1989లో నా ట్రైనింగ్ జబల్‌పూర్‌లో జరిగింది. కాన్హా అడవి అక్కణ్ణించి సుమారు 160 కిలోమీటర్లే. కానీ రంగ్రూటుకి అవుట్‌పాస్ దొరికితే సదర్ బజార్ దాకా వెళ్ళి రావడమే గొప్ప. తరవాత 1995లో ఒక కోర్సుకి మళ్ళీ అక్కడికి వెళ్ళి, ఛుట్టీకి వస్తూ ఇంటికి ఒక క్యాలెండర్ తెచ్చాను. దాని మీద బారాసింగా బొమ్మ ఉంది. పెద్ద పెద్ద కొమ్ముల జింక. అప్పుడు మాకు కొత్తగా పెళ్ళయింది. "ఇది నిజంగా ఇలాగే ఉంటుందా అండీ?" అని అడిగింది మా ఆవిడ. "నిన్ను తీసుకెళ్ళి చూపిస్తాలే" అన్నాను. సంవత్సరం అయిపోయినా ఆ బొమ్మ మా వంటింటి గోడ మీదే ఉండేది. నా పోస్టింగులు, పిల్లల చదువులు, మా నాన్న జబ్బు, వీటితో ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. ఆ మాట నిలబెట్టుకోవడానికి నాకు రిటైర్మెంట్ దాకా పట్టింది.

ముందు అడవి సంగతి. కాన్హా మధ్యప్రదేశ్‌లో మండ్లా, బాలాఘాట్ జిల్లాల్లో ఉంది. 1955లో జాతీయ పార్కు అయింది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న మొదటి తొమ్మిది అడవుల్లో ఇదొకటి. కోర్ ఏరియా 940 చదరపు కిలోమీటర్లు. అంతా సాల వృక్షాలు, మధ్యమధ్య పెద్ద పెద్ద గడ్డి మైదానాలు. గట్టి నేల మీద బతికే రకం బారాసింగాలు ఒకప్పుడు ఈ ఒక్క చోటే మిగిలాయి. 1970లో లెక్కపెడితే 66 తేలాయి. మన ఒక కంపెనీ బలం కూడా లేదు! ఆ తరవాత గడ్డి మైదానాలు పెంచి, కంచెలు కట్టి, లోపలి ఊళ్ళను బయటికి తరలించి కాపాడితే వందల్లోకి పెరిగాయి. 2015 నుంచి సాత్పురా అడవికి కూడా కొన్నిటిని పంపారు. తమ ఊళ్ళు వదిలి వెళ్ళిన గోండు, బైగా జనం త్యాగం కూడా ఇందులో ఉందని మనం మరిచిపోకూడదు.

ఇప్పుడు ప్లానింగ్. మన భాషలో చెప్పాలంటే ముందు రెక్కీ. పార్కు జూలై నుంచి సెప్టెంబరు దాకా వానలకి మూసేస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలి బాగా ఉంటుంది, అడవి పచ్చగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండిపోతుంది గానీ నీళ్ళు తగ్గి జంతువులు గుంటల దగ్గరికి వస్తాయి కాబట్టి పులి కనపడే అవకాశం ఎక్కువ. బుధవారం సాయంత్రం సఫారీ ఉండదు, అది చూసుకుని తారీకులు పెట్టుకోండి. పొద్దున ఒక సఫారీ, మధ్యాహ్నం ఒకటి ఉంటాయి. రెండు రోజులు ఉండి కనీసం నాలుగు సఫారీలు చేయకపోతే అంత దూరం వెళ్ళి లాభం లేదు.

పర్మిట్ ఆన్‌లైన్‌లో నెలల ముందే తీసుకోవాలి. శీతాకాలం సెలవుల్లో అసలు దొరకదు. ఒక జిప్సీలో ఆరుగురు ఎక్కవచ్చు, గైడు తప్పనిసరి. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తే ఖర్చు పంచుకోవచ్చు. పర్మిట్‌లో రాసిన పేరు, మీరు చూపించే గుర్తింపు కార్డులో పేరు ఒకటే ఉండాలి, ఒరిజినల్ కార్డు దగ్గరుండాలి. మన డిశ్చార్జ్ బుక్కులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉండటం మనకి తెలిసిన బాధే కదా! అది ఇంట్లో ఉన్నప్పుడే సరిచూసుకోండి.

సికింద్రాబాద్ వైపు నుంచి వెళ్ళేవాళ్ళు నాగపూర్ దాకా రైల్లో వెళ్ళి, అక్కణ్ణించి సియోని మీదుగా కారులో వెళ్ళొచ్చు, ఐదారు గంటలు పడుతుంది. ఖటియా గేటు, ముక్కీ గేటు అడవికి చెరో పక్కన ఉంటాయి. పర్మిట్ ఏ గేటుకి తీసుకుంటే బస కూడా ఆ గేటు దగ్గరే చూసుకోండి. ఒక చోట బస, ఇంకో చోట పర్మిట్ అయితే తెల్లవారుజామున రోడ్డు మీదే ఉంటారు.

ఇక కిట్. జనవరి పొద్దున టాపు లేని జిప్సీలో వెళ్తుంటే ఎముకలు కొరికే చలి. మంకీ క్యాప్, గ్లవ్స్, కంబళి ఉండాల్సిందే. బట్టలు ఆకుపచ్చ, మట్టి రంగులు చాలు. పాత కాంబాట్ డ్రెస్ మాత్రం వద్దు, అది మనం తీసి పెట్టేసిన యూనిఫారం, దానికొక మర్యాద ఉంది. బీపీ, షుగర్ మందులు లెక్క కంటే రెండు రోజులకి ఎక్కువే పెట్టుకోండి.

కెమెరా గురించి అందరూ అడుగుతారు. నాది మామూలు డీఎస్ఎల్ఆర్, 70-300 లెన్సు. అంతకంటే ఖరీదైనది మొదట్లోనే కొనకండి. షట్టర్ స్పీడు 1/500కి తగ్గనివ్వకండి. తెల్లవారుజామున వెలుగు చాలకపోతే ఐఎస్ఓ 1600 దాకా పెంచండి. ఫొటో మీద కాస్త నలక కనపడినా ఫరవాలేదు, అలుక్కుపోయిన ఫొటో మాత్రం దేనికీ పనికిరాదు. జిప్సీలో ట్రైపాడ్ కుదరదు. గుడ్డ సంచిలో రెండు కిలోల శనగలు పోసి మూతి కుట్టేసి, కడ్డీ మీద పెట్టి దాని మీద లెన్సు ఆనించండి. మోర్చాలో ఇసుక బస్తా మీద ఎల్ఎంజీ ఆనించినట్టే. శ్వాస బిగబట్టి, ట్రిగ్గర్ నొక్కినట్టు మెల్లగా నొక్కండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. ఎత్తు మీద పోస్టుల్లో సెట్టు బ్యాటరీలు మనం ఒంటికి ఆనించి పెట్టుకున్నాం కదా, ఇక్కడా స్పేర్ బ్యాటరీ లోపలి జేబులోనే పెట్టుకోవాలి. ఫ్లాష్ వేయకూడదు. వెళ్ళేముందు మీ ఊరి చెరువు గట్టు మీద కొంగల్ని తీసి నెల రోజులు ప్రాక్టీసు చేయండి.

ఇవన్నీ 2017 జనవరిలో నేను అక్షరాలా పాటించాను. అయినా నా మొదటి ప్రయాణం చెడింది. ఎందుకంటే నా ప్లానులో పులి ఒక్కటే టార్గెట్. మొదటి రోజు పొద్దున గడ్డి మైదానంలో మంచు వెనక బారాసింగాల గుంపు కనపడింది. "ఏమండీ, ఒక్క ఐదు నిమిషాలు ఆపమనండి" అంది మా ఆవిడ. "ముందు పులి, ఇవెక్కడికి పోతాయి?" అని డ్రైవరుకి చలో అన్నాను. తరవాత మూడు సఫారీలు అలాగే అడవంతా తిప్పించాను. పులి లేదు.

ఆఖరి సాయంత్రం కొండముచ్చు అరిచింది, దుప్పులు తోక ఎత్తి కూశాయి. పులి దగ్గరలో ఉందన్న హెచ్చరిక అది. రోడ్డు దిగి వంద గజాలు పొదల్లోకి పోనిమ్మన్నాను. గైడు కుదరదన్నాడు. నేను జేబులోంచి నోట్లు తీశాను. అతను చెయ్యి చాపలేదు. "సాబ్, మీరు ఫౌజీ అన్నారు కదా. మీ గేటు దగ్గర సెంట్రీకి నేను డబ్బులిస్తే లోపలికి వదులుతాడా?" అన్నాడు హిందీలో, గొంతు పెంచకుండానే. ఆ కుర్రాడికి నా కొడుకు వయసుంటుంది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను జవాన్లకు నేర్పిన పాఠం నాకే తిరిగి చెప్పాడు. నోట్లు జేబులో పెట్టుకుని, పక్కన కూర్చున్న మా ఆవిడ ముఖం చూడలేకపోయాను. బయటికి వచ్చేటప్పుడు ఆ మైదానం దగ్గర చీకటి పడిపోయింది. ఒక్క జింక కూడా కనపడలేదు. తిరుగు రైల్లో ఆమె ఒకటే మాటంది. "ఇరవై ఏళ్ళు ఆగాను. ఐదు నిమిషాలు మీరు ఆగలేకపోయారు."

2019 డిసెంబరులో మళ్ళీ వెళ్ళాం. ఈసారి ప్లాను మా ఆవిడ వేసింది. నాలుగు సఫారీల్లో రెండు పూర్తిగా మైదానం దగ్గరే. ఇంజను ఆపి, మాట్లాడకుండా కూర్చోవడమే పని. మంచు మెల్లగా విడింది. బారాసింగాలకి అది జోడు కట్టే కాలం. ఒక పెద్ద మగది గడ్డిలో తల దూర్చి లేచేసరికి కొమ్ముల నిండా గడ్డి చుట్టుకుని ఉంది. "పెళ్ళికొడుకు బాసికం కట్టుకున్నట్టుంది చూడండి" అంది మా ఆవిడ నా చెవిలో. దాదాపు గంట సేపు ఉన్నాం. మర్నాడు పులి కూడా కనపడింది, రోడ్డు దాటుతూ ఐదారు సెకన్లు. ఆ ఫొటో అలుక్కుపోయింది. బాసికం కట్టిన బారాసింగా ఫొటో మాత్రం ఫ్రేము కట్టించాం. ఇప్పుడు ఆ క్యాలెండర్ ఉండే మేకుకే వేలాడుతోంది.

కాబట్టి మిత్రులారా, టికెట్టు, బస, కిట్, కెమెరా అన్నీ పక్కాగా ప్లాన్ చేసుకోండి. పులిని మాత్రం ప్లానులో పెట్టకండి, అది మన రోస్టర్ ప్రకారం రాదు. గైడు మాట డ్యూటీ ఆఫీసరు మాటలా వినండి. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి ఇంకొక మాట. ఈ ఏడాది ఛుట్టీలో నాలుగు రోజులు దీనికి పక్కన పెట్టండి, నాలాగా పెన్షన్ దాకా ఆగకండి. బయల్దేరే ముందు మీ ఇంట్లోవాళ్ళని, "నీకు ఏం చూడాలనుంది?" అని అడిగి, ఆ జవాబుని ప్లానులో మొదటి లైనుగా రాసుకోండి.