శుభ్రం చేయడమా, కంచె వేయడమా?

విద్యార్థులారా! అణుధార్మికత సోకిన నేల గురించి నిర్ణయించేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఏ మూలకం? ఎంతకాలం ఉంటుంది? ఏ దారిన మన ఒంట్లోకి చేరుతుంది?

పసిఫిక్‌లోని బికినీ దీవుల్లో 1946–58 మధ్య అమెరికా 23 అణుపరీక్షలు జరిపింది. తర్వాత తిరిగివచ్చిన జనాన్ని 1978లో మళ్ళీ తరలించారు. కారణం, కొబ్బరిలో చేరిన సీజియం. పైమట్టి మొత్తం తవ్వేస్తే నేల సారం పోతుంది. పొటాషియం ఎరువు వేస్తే చెట్టు సీజియాన్ని తక్కువగా పీల్చుకుంటుందని పరిశోధకులు తేల్చారు. దాని అర్ధాయువు 30 ఏళ్ళే.

మన ఆదిత్యపూర్‌కు దగ్గరలోని జాదుగూడలో, యురేనియం తీయగా మిగిలిన బురదను చెరువుల్లో నిలవచేశారు. అందులోని రేడియం అర్ధాయువు 1600 ఏళ్ళు. ఇక్కడ ఎరువు చాలదు. మట్టి కప్పాలి, కంచె వేయాలి, నీటిని పరీక్షిస్తూ ఉండాలి. ఆ కంచె ఎందుకో తరతరాలకూ తెలియాలి.